తండ్రి తోలిన కారు, కొడుకు ఎక్కిన టీవీ

ఈ నెల చాలా దూరపు సంగతి చెప్తాను. అమెరికాలో కారు పందేల కుటుంబం ఒకటుంది. తండ్రి పేరు ఆరీ లయెండైక్. కొడుకు పేరూ అదే, చివర జూనియర్ అని తగిలిస్తారు. తండ్రి పందెం గెలిచి పేరు తెచ్చుకున్నాడు. కొడుకు కూడా పందేల్లోనే దిగాడు గానీ, టీవీలో పెళ్లికొడుకుగా కూర్చున్నాక తండ్రి కంటే ఎక్కువమందికి తెలిసిపోయాడు. మా మనవరాలు కాలేజీ నుంచి వచ్చి ఫోనులో ఈ షో పెట్టుకుంటే పక్కన కూర్చుని నేనూ చూశాను. ఇంగ్లీషు నాకు సగం అర్థమవుతుంది. మిగతా సగం అది ఆపి ఆపి చెప్పింది, విసుక్కుంటూనే.

ముందు తండ్రి సంగతి. అది తెలియకపోతే కొడుకు సంగతి సగమే తెలిసినట్టు.

ఇండియానాపొలిస్ అని ఒక ఊరు. అక్కడ 1909లో కట్టిన పందెపు బాట ఉంది. ఒక చుట్టు రెండున్నర మైళ్లు, అంటే నాలుగు కిలోమీటర్లు. ఏటా మే నెలాఖరులో అక్కడ 200 చుట్లు తిరిగే పందెం పెడతారు. మొత్తం 500 మైళ్లు. దిగేది 33 కార్లే. గెలిచినవాడు పాలసీసా ఎత్తి తాగుతాడు, అది అక్కడి ఆనవాయితీ. పెద్ద లయెండైక్ 1953లో హాలండులో పుట్టి అమెరికా వచ్చి స్థిరపడ్డవాడు. మనలాంటి వలస మనిషే అనుకోండి. 1990లో ఆ పందెం గెలిచాడు. ఆ తరగతి కార్లలో అంతకు ముందు అతను ఒక్క పందెమూ గెలవలేదు, మొదటి గెలుపే అంత పెద్దది. 500 మైళ్లూ తోలడానికి పట్టిన సమయం 2 గంటల 41 నిమిషాలు. అంటే మా కోయంబత్తూరులో బయల్దేరి మద్రాసు వెళ్లి, తిరుగుదారిలో సేలం దగ్గరపడేంత దూరం! సగటున గంటకు 299 కిలోమీటర్ల వేగం. ఆ రికార్డు 2013 దాకా నిలిచింది. 1996లో అర్హత పరుగులో ఒక చుట్టు గంటకు 382 కిలోమీటర్ల వేగంతో తిరిగాడు. అది చెరగకుండానే పాతికేళ్లు దాటిపోయాయి.

1997లో రెండోసారి గెలిచాడు. ఆ ఏడాది వానవల్ల పందెం ఆదివారం నుంచి మంగళవారానికి జరిగింది. అదే ఏడాది జూన్‌లో టెక్సాస్‌లో ఇంకో పందెం. లెక్కలో పొరపాటు జరిగి వేరే కారు గెలిచిందని ప్రకటించారు. ఈయన వెళ్లి గెలిచింది నేనే అన్నాడు. అవతలి జట్టు యజమాని ఎ.జె. ఫాయిట్, ఆయనా పాత మహారథి, అందరి ముందూ ఈయన్ని కొట్టి పూలమొక్కల్లోకి తోసేశాడు. తర్వాత లెక్క సరిచూస్తే గెలిచింది ఈయనే. కప్పు మాత్రం ఫాయిట్ తిరిగివ్వలేదు. మనవరాలు ఈ ముక్క చెప్తుంటే మా ఆయన పడీపడీ నవ్వాడు. మిల్లులో బోనసు లెక్కల రోజు గుర్తొచ్చిందట.

ఇంత పెద్ద పేరు ఇంట్లో ఉంటే కొడుక్కి వరమా, బరువా? చిన్న ఆరీ 1981లో హాలండులోనే పుట్టాడు, పెరిగింది అమెరికాలో. తండ్రి చేసిన పనే చేస్తానన్నాడు. కింది తరగతి పందేల్లో కొన్నేళ్లు తోలి, 2006లో తండ్రి రెండుసార్లు గెలిచిన ఆ బాట మీదికే దిగాడు. 28వ స్థానం వచ్చింది. ఆ పెద్ద పందెం అతనికి అదొక్కసారే.

28 అనగానే మా ఆయన పెదవి విరిచాడు. నేనొప్పుకోను. అంత పెద్ద దేశంలో, ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చేవాళ్లలో, 33 మందికే చోటున్న పందెం అది. అందులో దిగడమే ఒక తాహతు. పైగా ఆ ఏడాది పందెం నిండా తండ్రీకొడుకులే. మైకేల్ ఆండ్రెట్టి అనే ఆయన మానేసిన పందేల్లోకి మళ్లీ వచ్చాడు, 19 ఏళ్ల కొడుకు మార్కోతో కలిసి తోలడానికి. చివరి చుట్టులో ముందున్నది ఆ పిల్లాడే. గీత ఇంకో గుక్కెడు దూరంలో ఉందనగా వెనక నుంచి వచ్చినవాడు దాటేశాడు. తేడా సెకనులో పదో వంతు కూడా లేదు. కొడుకు రెండో స్థానం, తండ్రి మూడో స్థానం. మార్కో తాత మారియో కూడా 1969లో ఆ పందెం గెలిచినవాడే. అక్కడ ఇంటిపేరు చూసి గేటు తీస్తారేమో గానీ, గేటు దాటాక బాట ఎవరినీ ఎవరి కొడుకువని అడగదు.

ఇది మనకి కొత్తా? మా అన్నయ్యకి బద్లీ టోకెన్ దొరికింది నాన్న రింగ్ ఫ్రేము ఖాతాలో ఉన్నాడు కాబట్టే. సూపర్‌వైజరు పేరు కూడా అడగలేదు, ఫలానా ఆయన కొడుకు అని రాసుకున్నాడు. మొదటివారం అందరూ నవ్వుతూ పలకరించారు. రెండోవారం నుంచి తెగిన పోగు తెగినట్టే, దాన్ని అతికించేది అన్నయ్య వేళ్లే. నాన్న నాలుగు సైడ్లు చూసిన చోట అన్నయ్య రెండు చూడ్డానికి అవస్థపడ్డాడు. "మీ నాన్న ఉండుంటేనా" అనే మాట వాడికి సంగు మోతలాగా రోజుకి మూడుసార్లు వినపడేది. ఆరేళ్లు చేసి, మిల్లు షిఫ్టులు తగ్గించగానే మానేసి టీ కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు బాగా నడిచింది. అయినా చనిపోయేదాకా వాణ్ణి చుట్టాలు పిలిచింది "మిల్లు వదిలేసినవాడు" అనే.

కార్ల పందెంలో ఇంకో చిక్కుంది. మన చేతిలో పనితనం ఉంటే చాలదు. కారు, టైర్లు, మెకానిక్కులు, అన్నీ డబ్బే. ఆ డబ్బు పెట్టే కంపెనీ ఉండాలి, తమ పేరు కారు మీద వేయించుకుని. కంపెనీ వెనక్కి తగ్గితే ఎంత బాగా తోలేవాడైనా ఇంట్లో కూర్చోవాల్సిందే. కంపెనీకి కావలసింది జనం చూసే ముఖం. అంటే కారు తోలేవాడు మొదటి నుంచీ కొంత ముఖం అమ్ముకునే పనిలోనే ఉన్నాడు. టీవీలోకి వెళ్లడం మనకి కనిపించినంత పెద్ద దూకుడు కాదని నాకనిపించింది.

కారు పందెం మనకి బొత్తిగా పరాయిదనీ అనుకోవద్దు. మా కోయంబత్తూరు నూలుకి ఎంత పేరో, పందెపు కార్లకీ అంతే. లక్ష్మీ మిల్స్ నాయుళ్ల కుటుంబంలో పుట్టిన కరివర్ధన్ ఇక్కడే ఒంటిమనిషి పందెపు కార్లు కట్టించి కుర్రాళ్లకి దారి చేశాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. చెట్టిపాళయంలో ఉన్న పందెపు బాటకి ఆయన పేరే పెట్టారు. ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ ఈ ఊరివాడే. వాళ్ల నాన్న జి.ఆర్. కార్తికేయన్ జాతీయ ర్యాలీ విజేత. అదీ రెండో తరమే. 2005లో నారాయణ్ నాలుగో స్థానంలో వచ్చి పాయింట్లు తెచ్చుకున్నది కూడా ఆ ఇండియానాపొలిస్‌లోనే. ఆ రోజు టైర్ల తగాదావల్ల ఆరు కార్లే పరిగెత్తాయి. నాలుగు అంటే నాలుగే, మా వీధిలో ఆ రాత్రి టపాసులు కాల్చారు.

సరే, టీవీ సంగతికి వస్తాను.

అక్కడ ఏబీసీ అనే చానెల్లో 2002 నుంచి ఒక షో వస్తోంది, ది బ్యాచిలర్ అని. ఒక పెళ్లికాని మగవాడు, పాతికమందికి పైగా అమ్మాయిలు. అందర్నీ ఒక బంగళాలో పెడతారు. వారం వారం అతను గులాబీ పువ్వు ఇచ్చినవాళ్లు ఉంటారు, ఇవ్వనివాళ్లు పెట్టె సర్దుకుంటారు. చివరికి మిగిలినామెకి ఉంగరం. మన బిగ్ బాసులో వెళ్లగొట్టేది ఓట్లు, ఇక్కడ వెళ్లగొట్టేది పెళ్లికొడుకు. ఇదే ఆటలో ఒక అమ్మాయి మధ్యలో ఉండి మగవాళ్లని ఎంచుకునే షో ఇంకొకటి, ది బ్యాచిలరెట్. మా మనవరాలికి రెండోదే న్యాయం అనిపిస్తుందట.

2012లో ఆ రెండో షోలో అమ్మాయి ఎమిలీ మేనార్డ్. ఆమె కథ విని నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఆమెకి మొదట నిశ్చయమైనవాడు రికీ హెండ్రిక్. అతనూ పందెపు కారు తోలినవాడే, జట్టు యజమాని కొడుకు. 2004లో పందేనికి వెళ్తున్న విమానం కూలి పదిమంది పోయారు, అందులో అతనూ ఉన్నాడు. అప్పటికి తాను కడుపుతో ఉన్నట్టు ఆమెకింకా తెలియదు. కొన్నాళ్లకి తెలిసింది. ఒంటరిగా కూతుర్ని కని పెంచుకుంది. అలాంటి ఆమె ముందుకి ఎంతోమంది మగవాళ్లతో పాటు ఈ చిన్న ఆరీ వచ్చి నుంచున్నాడు, నేను కారు పందేలవాణ్ణి అని. ఆమె గుండె ఎంత దడదడలాడి ఉంటుంది! అయినా చివరి ఇద్దరిలో ఒకడిగా నిలబెట్టింది. ఆఖరికి వేరే అతన్ని ఎంచుకుంది. ఆ సంబంధం కొన్ని నెలలే నిలిచింది, అది వేరే మాట. చిన్న ఆరీ ఏడ్చుకుంటూ వెళ్లిపోయాడు. దేశమంతా అయ్యో పాపం అంది.

తర్వాత ఐదేళ్లు అతను ఏం చేశాడంటే, అరిజోనాలో ఇళ్లు అమ్మిపెట్టే పనిలో చేరాడు. పందేలు మానలేదు. స్టేడియంలో దిమ్మల మీద నుంచి ఎగిరి దూకే ట్రక్కుల పందెం ఒకటుంది, అందులో తోలాడు. ఆ బళ్లు గాల్లోకి లేస్తుంటే చూడాలి, మా ఆయన ఇది మాత్రం పూర్తిగా చూశాడు.

2018 జనవరి ఒకటిన మొదలైన బ్యాచిలర్ షోకి ఇతన్నే పెళ్లికొడుకుగా తెచ్చారు. ఏడ్చినవాడు కాబట్టి మంచివాడు అనుకున్నారు జనం. చివరికి ఇద్దరమ్మాయిలు మిగిలారు, మిన్నెసోటాకి చెందిన బెక్కా కుఫ్రిన్, వర్జీనియాకి చెందిన లారెన్ బర్న్‌హామ్. పెరూ దేశంలో బెక్కాకి ఉంగరం తొడిగాడు. షో ఇంకా టీవీలో వస్తూనే ఉంది కాబట్టి ఇద్దరూ గుట్టుగా ఉండాలి, అది ఒప్పందం. ఈ గుట్టు రోజుల్లోనే అతని మనసు లారెన్ వైపు తిరిగింది. సరే, తిరిగింది. మనుషులకి తిరుగుతుంది. నిశ్చితార్థం తప్పిపోవడం కొత్తా? తొమ్మిదేళ్ల ముందు అదే షోలో జేసన్ మెస్నిక్ అనేవాడూ ఇదే చేశాడు.

నాకు మింగుడుపడనిది ఆ తర్వాతది. ఆ మాట బెక్కాకి చెప్పడానికి అతను కెమెరాలతో వెళ్లాడు. ఆ పిల్ల, ఇద్దరూ కాస్త సంతోషంగా గడిపే రెండ్రోజులు దొరికాయనుకుని నవ్వుతూ వచ్చింది. సోఫాలో కూర్చోబెట్టి, పెళ్లి వద్దన్నాడు. చానెలువాళ్లు దాన్ని కత్తిరించకుండా, తెరని రెండుగా చీల్చి, ఒకవైపు ఆమె ముఖం, ఒకవైపు అతని ముఖం, అలాగే వదిలారు. ఆమె వెళ్లిపొమ్మంటుంది, అతను వెళ్లడు. తలుపుదాకా వెళ్తాడు, మళ్లీ వస్తాడు. ఆమె గదిలోకి వెళ్లి ఏడుస్తుంటే తలుపవతల నుంచుంటాడు. మర్నాడు ప్రత్యక్ష ప్రసారంలో, బెక్కాని మాట్లాడించిన అదే వేదిక మీద, లారెన్‌కి ఉంగరం తొడిగాడు.

మా చిన్నాన్న కూతురికి తాంబూలాలు పుచ్చుకున్నాక సంబంధం తప్పిపోయింది, 1988లో. అబ్బాయివైపు నుంచి ఎవరూ రాలేదు. వాళ్లకి తెలిసిన కిరాణా కొట్టాయనతో కబురంపారు, పప్పు పొట్లం కడుతూ ఆయన చెప్పాడు. చిన్నాన్న అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. ముఖం చూపించి చెప్పి ఉంటే బాగుండేదని మా ఇంట్లో ఏళ్ల తరబడి అనుకున్నాం. కాబట్టి ఆరీ ముఖాముఖి చెప్పడానికి వెళ్లడం వరకూ నేను తప్పు పట్టను. కానీ మా చెల్లెలు ఆ రోజు ఎలా ఏడ్చిందో మా ఇంటి నాలుగు గోడలకే తెలుసు. రెండేళ్లకి ఇంకో సంబంధం కుదిరింది, తిరుప్పూరులో హాయిగా ఉంది. బెక్కా ఏడుపు ఈ రోజు కూడా ఎవరు కావాలంటే వాళ్లు ఫోనులో తీసి చూడొచ్చు. చూసినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

జనం కోపం కూడా తమాషాగా ఉంటుంది. మిన్నెసోటాలో ఒక శాసనసభ్యుడు ఇతన్ని తమ రాష్ట్రంలో అడుగుపెట్టనివ్వకూడదని బిల్లే రాశాడు, నవ్వులాటకి. బెక్కాకి ఎవరెవరో చిన్న చిన్న మొత్తాలు పంపించారు, ఆమె దాన్ని కేన్సర్ సంస్థకి ఇచ్చేసింది. చానెలువాళ్లు ఆ రాత్రే ఆమెని తర్వాతి షోకి పెళ్లికూతుర్ని చేసేశారు. గాయానికి మందు వేసినట్టూ అయింది, వాళ్ల వ్యాపారమూ ఆగలేదు. ఆరీ, లారెన్ 2019 జనవరిలో హవాయి దీవుల్లో పెళ్లి చేసుకున్నారు. పెళ్లి జరిపించింది అప్పట్లో షో నడిపిన క్రిస్ హారిసనే! ఆ మే నెలలో ఆడపిల్ల, 2021లో కవలలు. ఇల్లూ పిల్లలూ అంటూ వీడియోలు పెట్టుకుంటూ సంసారం చేసుకున్నారు. పందెపు బాట మీద 28వ వాడు, ఎంచుకున్న పిల్లతో మాత్రం నిలబడ్డాడు. అది అతని ఖాతాలో వేయాలి. సోఫా సంగతి కూడా అదే ఖాతాలో ఉంటుంది.

ఈ కథంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, షోలాపూర్ నుంచి ఒక చెల్లెలు రాసింది. పేరు వేయొద్దంది. ఇంటాయన ముప్పై ఏళ్లుగా టవల్ మగ్గాల మీద ఉన్నాడు. సేఠు కొడుకుని కూడా తీసుకుంటానన్నాడట. పోరడు వద్దంటున్నాడు, ఫోనులో వీడియోలు చేస్తా, టీవీ షోకి పోతా అంటున్నాడు. "అక్కా, వాడు మగ్గం మొహం చూస్తలేడు, పొద్దంత ఫోను మొహమే చూస్తుండు. ఆయన కొట్టబోతుండు. నేనేం జెయ్యాలె?" ఇదీ ఉత్తరం.

చెల్లీ, ఆయన్ని కొట్టొద్దని చెప్పు, అది ముందు. మగ్గం వద్దన్నంత మాత్రాన తండ్రిని వద్దన్నట్టు కాదు. ఈ మాట మా నాన్నకి ఎవరైనా చెప్పి ఉంటే మా అన్నయ్య పండగకి ఇంటికి వచ్చేవాడు. మగ్గం కూలి ఎంతో, దుమ్ముకి దగ్గు ఎంతో మీ ఇంట్లో మీకే తెలుసు. ఆ లెక్క మీ ఆయన చేతే కొడుక్కి చెప్పించు, తిట్టకుండా. కొడుకుని కూడా లెక్క అడుగు. వీడియోలవల్ల ఇప్పటికి బ్యాంకులో పడింది ఎంత, ఏ నెలలో పడింది, పాసుబుక్కు తెచ్చి చూపించమను. ఏమీ పడకపోతే గడువు పెట్టు, ఏడాదో ఏడాదిన్నరో. ఆలోపు చేతికి ఇంకో పని ఉండాలి, చిన్న ఆరీకి ఇళ్లు అమ్మే పని ఉన్నట్టు. కరెంటు పనో, ఫోన్లు బాగుచేసే పనో, షోలాపూర్లో నేర్పేవాళ్లకి కొదవలేదు. టీవీ షోకి తీసుకుంటామని ఎవరైనా ముందుగా డబ్బు అడిగితే పైసా ఇవ్వొద్దు. నిజంగా తీసుకుంటే కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ కాగితం ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లచేత పూర్తిగా చదివించుకోకుండా సంతకం పెట్టొద్దు. మన ఏడుపు, మన ఇంటి గొడవ, ఎంతకాలం ఎవరి దగ్గర ఉంటుందో అందులోనే రాసి ఉంటుంది.

ఇంకొకటి. వాడి వీడియోల్లో ఎక్కువమంది చూసింది మీ ఆయనకీ నీకూ వంటింట్లో జరిగిన గొడవ అని రాశావు. గల్లీలోవాళ్లు నీళ్ల దగ్గర అదే ఎత్తి నవ్వుతున్నారనీ రాశావు. అది తీసేటప్పుడు మీ ఇద్దర్నీ అడిగాడా? అడగకపోతే ఈ రోజే తీసెయ్యమను, తీసేశాకే మగ్గం మాటైనా టీవీ మాటైనా. ఏమన్నాడో నాకు రాయి.